సెలవు పిల్లవాడి తర్వాతి పేర్లు

"నా బిడ్డ రెండు దినాలు బడికి రాలే. నాకెవ్వరు చెప్పలే. ఇగ మీ మెసేజులు ఎందుకు మేడం, పటం కట్టి పెట్టుకోనీకా?"

ఓంప్రకాశ్ కూర్చోమన్నా కూర్చోలేదు. రాంగోపాల్‌పేట్‌లో అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దుకాణం సగం తెరిచి వచ్చినట్టున్నాడు, తాళంచెవుల గుత్తి ఇంకా చేతిలోనే ఉంది. కూతురు కల్పలత పదో తరగతి. రెండు రోజులూ యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరింది. బడికి మాత్రం రాలేదు. నెక్లెస్ రోడ్డులో స్నేహితురాలితో కూర్చుని ఉంటే దుకాణానికి వచ్చే గిరాకీ ఒకాయన చూసి చెప్పాడు.

నరసరాజు కల్పలతకు క్లాస్ టీచర్ కాబట్టి ప్రిన్సిపాల్ సుకన్య ఆయన్ను కూడా పిలిపించింది. ఆయన సోషల్ చెబుతాడు. ఆ బడిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు.

"రెండు రోజులూ గైర్హాజరు వేశానండి," అన్నాడు నరసరాజు.

"మీరు ఏసిండ్రు సార్, నేనెక్కడ కాదన్న? నా ఫోన్‌కు రాలే కదా! ఆడపిల్ల సార్. ఏమన్న అయితే ఎవరు జిమ్మేదారి?"

సుకన్య ఏవో నాలుగు మాటలు చెప్పి, టీ తెప్పించి, ఎలాగో అతన్ని చల్లబరిచి పంపింది. అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక కాసేపు టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపింది.

"సార్, గీ మాట మీతోటి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మేడం రాసిన ప్రోగ్రాం పాతగయింది. శనివారం ఒక కంపెనీవాళ్లు వాళ్ల యాప్ చూపించనీకి వస్తున్నరు. ఆ లోపల మనది మంచిగైతే సరే. కాకుంటే తీసేద్దాం. మీరు మనసుల పెట్టుకోవద్దు."

"లేదండీ. పిల్లల విషయం కదా," అన్నాడాయన.

మేడం అంటే ఝాన్సీలక్ష్మి, నరసరాజు భార్య. అదే బడిలో కంప్యూటర్ టీచరుగా చేసేది. పోయిన శ్రావణంలో చనిపోయింది. పొద్దున మొదటి పీరియడ్‌లో టీచర్లు ఫోన్లలో హాజరు వేస్తే, ఆఫీసులో ఒక బటన్ నొక్కగానే రాని పిల్లల ఇళ్లకు కబురు వెళ్లేలా చాలా ఏళ్ల క్రితం ఆమే జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఆ ప్రోగ్రాం రాసింది. అప్పట్లో ఇంట్లో దాని గురించి చెబుతుంటే ఆయన వినేవాడు. అర్థమయ్యేది కాదు. అర్థం కావాలని ఆమె కూడా అనుకోలేదు. చారు కాచుకుంటూ తనలో తాను మాట్లాడుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు ఆమెకు.

ఆమె చీరలను ఆమె చెల్లెలు తీసుకెళ్లింది. కళ్లజోడును ఆయనే ఒక ట్రస్టుకు ఇచ్చి వచ్చాడు. ఒక్కొక్కటీ ఇచ్చేయగలిగాడు. కానీ రోజూ తొమ్మిదిన్నర ప్రాంతంలో ఏదో పని కల్పించుకుని ఆఫీసు వరండాలోకి వచ్చి నిలబడటం మాత్రం మానలేకపోయాడు. లోపల హెన్రీ బటన్ నొక్కుతాడు. ఆమె చేసిన పని ఊళ్లోకి బయలుదేరుతుంది. ఆ నిమిషం కోసమే మల్కాజ్‌గిరి నుంచి వస్తున్నానని ఆయన ఎవరితోనూ అనలేదు. అందుకే ఆ ప్రోగ్రాం తీసేస్తామంటే "పిల్లల విషయం కదా" అని మామూలుగా అనడానికి ఆయనకు చాలా శ్రమ పట్టింది.

మధ్యాహ్నం హెన్రీ దగ్గరకు వెళ్లాడు. హెన్రీ బడి గుమాస్తా. టిఫిన్ తిని చేయి కడుక్కుని వస్తున్నాడు.

"ఈ మధ్య మెసేజీలు ఎవరెవరికి వెళ్లాయో చూపిస్తారా?"

"చూపిస్తా సార్. కానీ ఓంప్రకాశ్ సేటు నన్ను తిడితే ఏం లాభం చెప్పండి? నేను రోజూ నొక్కుతనే ఉన్న. కంప్యూటర్‌ల తప్పుంటే ఎర్ర అక్షరాలొచ్చి లొల్లి చేస్తది. ఇది సప్పుడు చెయ్యలే. మా ఇంటామె సప్పుడు చెయ్యకుంటే అంతా మంచిగున్నట్టు కాదని నాకెరుకే, కానీ కంప్యూటర్ కూడా గట్లనే చేస్తదని ఎవరనుకుంటరు?"

"తేడా ఏమీ కనపడలేదా మీకు?"

హెన్రీ తడి చేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఒకటుంది సార్. అన్ని పోయినంక ఆకుపచ్చగ 'అయిపోయింది' అని వచ్చేది. కొన్ని దినాల సంది వస్తలేదు. అలిగిందేమో అనుకున్న."

నరసరాజు తెర ముందు కూర్చున్నాడు. రాని పిల్లల పేర్లు ఆరో తరగతితో మొదలై పదితో అయిపోతాయి. ఆ పేర్లలో ఎవరెవరి ఇళ్లకు కబురు వెళ్లిందో రోజువారీగా ఉంది. సోమవారం, ఆరు ఏ సెక్షన్లో ఇద్దరికి వెళ్లింది. మంగళవారం ఒక్కరికి. ఆరు బి లో, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఎవరికీ వెళ్లలేదు. వెనక్కి వెళ్లి చూస్తే పోయిన వారమంతా అంతే. కబురు అందిన చివరి పేరు రోజుకొకటి మారుతోంది, కానీ దాని కింద కబురు అందని మొదటి పేరు మాత్రం ఎప్పుడూ ఒకటే.

"లూకా ఎవరు?" అన్నాడు.

"ఆరు ఏ. సైకిల్ మీదికెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు సార్. వాళ్ల నాయన ముందే సెలవు పెట్టిపోయిండు. గిట్ల ముందుగాల చెప్పి సెలవు పెట్టేటోళ్లు మన బడిల అరుదు."

ఇన్ని ఇళ్లకు కబురు వెళ్లకపోతే ఒక్కరూ అడగలేదేమని నరసరాజుకు అనిపించింది. మరుక్షణం అందులో వింతేముందనిపించింది. పిల్లకు జ్వరమొచ్చి ఇంట్లో ఉంటే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు. రాని మెసేజీ కోసం ఎవరెదురుచూస్తారు? కల్పలత లాంటి పిల్ల ఒకతె ఉంటే తప్ప ఆ సంగతి బయటపడదు.

కంప్యూటర్ గదిలో డోరా ఎనిమిదో తరగతి ప్రాజెక్టులు దిద్దుతోంది. ఝాన్సీలక్ష్మి తర్వాత ఆ ఉద్యోగంలో చేరిన అమ్మాయి. బొల్లారం నుంచి వస్తుంది. ఆయన లోపలికి రావడం చూసి లేచి నిలబడింది. ఆ గదిలోకి ఆయన రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోండమ్మా. మీరు ఆ ప్రోగ్రాంలో ఏమైనా మార్చారా?"

డోరా ముఖం ముడుచుకుంది. "దసరా సెలవుల తర్వాత కొంచెం మార్చిన సార్. పిల్లలు పెరిగిండ్రు కదా. మేడం రాసిన పద్ధతిలో మెసేజులన్నీ ఒకేసారి బయటకు దూకేవి. అవి పంపే కంపెనీ వాళ్లు అంత తాకిడి తీసుకోక కొన్ని వదిలేసేవాళ్లు. ఒకటి పోయినాక ఇంకొకటి పోయేటట్టు చేసిన. నెలరోజులు మంచిగనే నడిచింది సార్. నావల్ల అయితే అప్పుడే తెలిసేది కదా?"

"నేను తప్పుపట్టడానికి రాలేదు. పాతదీ కొత్తదీ కాగితం మీద తీసిస్తారా? నాకు తెర మీద చదవడం రాదు."

ప్రింట్లు వచ్చాయి. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటిలాగా ఒక్కో వరుస కింద స్కేలు జరుపుతూ చదివాడు. భాష తెలియదు. అయినా ఇంగ్లీషు మాటలు కాబట్టి కొన్ని అందుతున్నాయి. ఒకచోట స్కేలు ఆగింది.

"సెలవులో ఉంటే రిటర్న్ అని ఉంది. ఇదేమిటి?"

"సెలవు పెట్టిన పిల్లల ఇంటికి మెసేజ్ పోవద్దు కదా సార్. వాళ్లే అడిగి తీసుకున్నరు. వాళ్లను వదిలేయడానికి ఆ లైను."

"ఇది రెండు కాగితాల్లోనూ ఉంది."

"ఆఁ సార్. అది మేడం రాసిందే." డోరా గొంతు తగ్గింది. "దాన్ని నేను ముట్టుకోలే. మేడం రాసినవి ఎన్ని ఉంచగలిగితే అన్ని అట్లనే ఉంచాలనుకున్న. చుట్టూ ఉన్నదే మార్చిన."

నరసరాజు ఆ మాటకు తల ఊపి, కళ్లు కాగితం మీదే ఉంచాడు.

"రోజూ లూకా దగ్గర ఆగిపోతోందమ్మా. వాడు సెలవులో ఉన్నాడు. ఆవిడ రాసినప్పుడు కూడా సెలవు పెట్టినవాళ్లు ఉన్నారు. అప్పుడు ఆగలేదు. మాట అదే. అప్పుడు ఆపనిది ఇప్పుడెందుకు ఆపింది?"

డోరా కుర్చీ ముందుకు జరుపుకుంది. కొత్త కాగితం తన వైపుకు లాక్కుంది. పాతది తీసుకుంది. పెన్సిల్‌తో రెంటిలోనూ ఆ వరుస చుట్టూ గీత గీసి, ఆ గీతను బయటికి పెంచుకుంటూ పోయింది. పాతదాంట్లో గీత నాలుగు వరుసలకే మూసుకుంది. కొత్తదాంట్లో పేజీ అడుగుదాకా వెళ్లింది.

"అయ్యో," అంది.

"చెప్పండి."

"ఫంక్షన్ అంటే ఒక పని అప్పజెప్పడం అనుకోండి సార్. లోపల రిటర్న్ అనే మాట రాగానే ఆ పని అక్కడికి సరి. పిలిచిన చోటికి తిరిగి వెళ్లిపోతుంది. దాని కింద ఎన్ని లైన్లున్నా చదవదు."

"సగంలోనే?"

"సగంలోనే. కింద బంగారం రాసిపెట్టినా సరే." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఆవరణలో అటెండరు పర్వతాలు మోటారు ఆన్ చేసి పైపు పట్టుకుని నిలబడ్డాడు. "పర్వతాలన్నను పంపుతున్నం అనుకోండి. మేడం పద్ధతిలో ఒక్కో ఇంటికి ఒక్కోసారి పిలిచి పంపేవాళ్లు. 'అన్నా, లూకా ఇంటికి పో. వాడు సెలవులో ఉంటే ఏం చెప్పకుండ తిరిగి రా.' తిరిగొస్తడు. మళ్లీ పిలిచి 'ఇప్పుడు ఇంకో పిల్ల ఇంటికి పో' అంటరు. పోతడు. తిరిగొచ్చినందుకు లూకా ఒక్కడి పనే ఆగింది. మిగతావాళ్ల పని ఎక్కడా ఆగలే."

"మీ పద్ధతిలో?"

"నేను అన్ని పేర్లున్న కాగితం చేతికిచ్చి ఒక్కసారే పంపిన సార్. ఒక ఇల్లయినాక ఇంకో ఇల్లు, అన్నీ తిరిగి రమ్మని. కాగితంలో ఆ మాట మాత్రం పాతదే ఉంది. సెలవులో ఉంటే తిరిగి రా." డోరా పెన్సిల్ కింద పెట్టింది. "లూకా ఇంటిదాకా పోయిండు. తిరిగొచ్చేసిండు. మిగతా ఇళ్లు చూడనే లే. హెన్రీ సార్ చెప్పే ఆ ఆకుపచ్చ లైను కూడా అన్ని ఇళ్లు అయినంక రాసుంది. అక్కడిదాకా పోతే కదా."

"తప్పు చూపించలేదేం మరి?"

"తిరిగి రావడం తప్పు కాదు కదా సార్. రమ్మన్నం, వచ్చిండు."

బయట పర్వతాలు ఎవరినో కేకేస్తున్నాడు. నరసరాజు స్కేలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పాతదే పెట్టేయండమ్మా," అన్నాడు.

"పెట్టొచ్చు సార్." డోరా ఆగింది. "కానీ అప్పుడు పదిలో ఒకటో రెండో మెసేజులు దారిలో పోతయి. ఎవరివి పోతయో కూడా తెలవదు. ఇప్పుడు కనీసం ఎక్కడ ఆగిందో తెలిసింది."

"అయితే ఇప్పుడున్న దానిలోనే సరిచేయగలరా?"

"ఒక్క మాట సార్. రిటర్న్ తీసి కంటిన్యూ అని పెట్టాలి. అంటే ఈ ఇల్లు వదిలి తర్వాతి ఇంటికి పో అని."

ఆయన కాగితం మీద ఆ వరుస వైపే చూశాడు. ఝాన్సీలక్ష్మి ఆ మాట రాసిన రోజు ఏ చీర కట్టుకుందో, ఆ పొద్దు ఏం వండిందో ఆయనకు గుర్తు లేదు. ఉండే వీలూ లేదు. ఎన్నో రోజుల్లో అదొకటి. కొత్తదాంట్లో ఆమె రాసింది ఇంకా ఎంత మిగిలిందని అడగాలనిపించింది. డోరా అబద్ధం చెప్పే మనిషిలా లేదు. అందుకే అడగలేదు.

"ఆవిడ రాసినచోట అది సరైన మాటేనా?" అన్నాడు.

"నూటికి నూరుపాళ్లు సార్. అక్కడ దానికంటే మంచి మాట లేదు. నేను చోటు మార్చిన. మాట మార్చలే. తప్పు నాదే."

"గౌరవంకొద్దీ ఉంచారు."

డోరా కళ్లు దించుకుంది.

"తీసెయ్యండమ్మా," అన్నాడు నరసరాజు. "ఇక్కడ ఉంచితే అది ఆవిడ మాట ఉంచినట్టు కాదు. పిల్లల ఇళ్లకు కబురు వెళ్లాలి. ఆవిడ రాసింది అందుకే."

డోరా కీబోర్డు దగ్గరకు జరిగింది. ఆయన లేచి వెళ్లిపోతాడేమో అనుకుంది. ఆయన వెళ్లలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ఆ ఆరు ఇంగ్లీషు అక్షరాలూ ఒక్కొక్కటిగా చెరిగిపోవడం, వాటి చోట వేరేవి రావడం చూశాడు. తర్వాత వాళ్లిద్దరి నంబర్లతో ఉత్తుత్తి పిల్లలను నలుగురిని తయారుచేసి, రెండోవాడికి సెలవిచ్చి నడిపించి చూశారు. మూడు మెసేజీలు వచ్చాయి. కింద ఆకుపచ్చగా 'అయిపోయింది' అని వచ్చింది.

సుకన్య గదికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆయన మొదలుపెట్టేలోపే డోరా చెప్పేసింది.

"తప్పు నేను చేసిన మేడం. ఝాన్సీ మేడం ప్రోగ్రాంలో లోపం లేదు. నేను మార్చినప్పుడు ఒక మాట మార్చకుండా వదిలేసిన."

సుకన్య డోరాను చూసి, నరసరాజును చూసింది. డోరా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"మీరేమంటరు సార్?"

తొందరపడి ఏదీ అనే అలవాటు నరసరాజుకు లేదు. "మార్పు అవసరమై చేశారండి. పాతది ఇప్పుడున్న పిల్లలకు చాలదు. ఆ మాట ఉంచడం వల్ల జరిగిన పొరపాటు నిజమే. ఎక్కడ జరిగిందో కనిపెట్టింది కూడా ఈ అమ్మాయే. ఇక ఆ ప్రోగ్రాం ఈమెదే అనుకోండి. దాని బాగోగులు ఈమే చూసుకోవాలి."

అనేసిన తర్వాత ఆ మాట తన చెవికే కొంచెం గట్టిగా తగిలింది. వెనక్కి తీసుకోలేదు.

"రేపు పొద్దున నా కండ్లతోటి చూస్తా," అంది సుకన్య. "మంచిగ నడిస్తే కంపెనీవాళ్లకు చాయ్ తాపి పంపిద్దాం. ఓంప్రకాశ్‌కు నేనే ఫోన్ చేస్తా. డోరా, నువ్వు గూడ ఉండు పక్కన. తిట్లు పంచుకుందాం."

మర్నాడు మొదటి పీరియడ్ అయ్యేసరికి ఆఫీసులో నలుగురూ ఉన్నారు. ఈసారి నరసరాజు వరండాలో నిలబడలేదు, లోపలికి వచ్చాడు. హెన్రీ వేలు గాలిలో ఎత్తి, "దేవా, నా పరువు నిలబెట్టు," అని బటన్ నొక్కాడు.

ఆరు ఏ పేర్లు ఒక్కొక్కటిగా తెర మీద దిగుతున్నాయి. లూకా పేరు వచ్చింది. పక్కన 'సెలవు' అని పడింది. ఒక్క క్షణం ఏమీ కదలలేదు. డోరా చేతులు ముడుచుకుంది. ఆ కింద ఆరు బి మొదలైంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది దగ్గర కాస్త నెమ్మదించి, మళ్లీ నడిచి, పది బి లో ఒకే ఒక్క పేరుతో ఆగింది. అడుగున ఆకుపచ్చ మాట వచ్చింది.

"అలక తీరింది," అన్నాడు హెన్రీ.

సుకన్య నవ్వి వెళ్లిపోయింది. డోరా కుర్చీలో వెనక్కి వాలింది. నరసరాజు ఆ తెర ముందు ఇంకాసేపు నిలబడేవాడేమో గానీ, అంతలో ఆఫీసు ఫోన్ మోగింది. హెన్రీ ఎత్తి, చెవికి దూరంగా పట్టుకుని, ఆయనకిచ్చాడు.

"మీ క్లాసే సార్. పది బి."

"ఏందయ్యా, మా రేణుక బళ్లెకు రాలేదంటరేంది?" అవతల ఒక ముసలామె గొంతు. "నేను ఎల్లమ్మను, దాని నాయనమ్మను. పొద్దుగాల గేటు కాడ నేనే ఇడిచి పెట్టి వచ్చిన. అది లోపలికి పోయేదాంక చూసిన. మరి బిడ్డ యాడికి పోయింది? చెప్పు! నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు."

"అమ్మా, ఒక్క నిమిషం. కంగారు పడకండి. నేనే వెళ్లి చూస్తాను."

"ఫోను పెట్టకు! నేను గిట్లనే ఉంట."

నరసరాజు తీగ లేని ఆ ఫోన్ పట్టుకునే మెట్లెక్కాడు. సిగ్నల్ అక్కడిదాకా అందుతుందనుకున్నాడు. పది బి లో లెక్కల పీరియడ్ నడుస్తోంది. గుమ్మంలో నిలబడి మొదటి బెంచీ చూశాడు. రేణుక కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పొద్దున ఆయన చూసిందీ అదే. హాజరప్పుడు ఆయన పేర్లు పిలవడు. ఎవరి చోటు ఏదో తెలుసు కనుక ఖాళీలు చూసి వేసేస్తాడు.

"రేణుక వచ్చిందా?" అన్నాడు.

వెనక వరుసలోంచి ఒక చెయ్యి లేచింది. "ఉన్న సార్. ఆ బెంచీ మేకు లంగాకు తట్టుకుంటుందని ఇటొచ్చి కూసున్న."

ఆయన ఫోన్ ఆమెకిచ్చాడు. అది చెవికి ఆనకముందే అవతలి గొంతు క్లాసంతా నిండింది.

"నాయనమ్మా, ఉన్న… ఉన్నా! అరవకు, అందరు వింటున్నరు. ఏడ్వకు. ఏయ్, లెక్కల సార్ చూస్తుండు నాయనమ్మా!"

క్లాసంతా పక్కున నవ్వింది. రేణుక ఎర్రబడిన ముఖంతో ఫోన్ తిరిగిచ్చింది.

నరసరాజు వరండాలోకి వచ్చాడు. "తప్పు నాదేనమ్మా. పిల్లను చూడకుండా బెంచీని చూసి వేశాను. క్షమించండి."

"పానం పోయినంత పనైంది సార్," అంది ఎల్లమ్మ. ముక్కు చీదిన చప్పుడైంది. "గట్ల చెయ్యకుండ్రి. మంచిగ మొకం చూసి ఏయుండ్రి."

"చూస్తానమ్మా."

"గని ఒకటి. పిల్ల రాకుంటె మాకైతే తెలుస్తది. గంతే చాలు."

"తెలుస్తుందమ్మా," అన్నాడాయన. "చివరి పేరు దాకా వెళుతోంది ఇప్పుడు."

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. "సరే సార్, ఉంట మరి," అని పెట్టేసింది. ఆయన కిందికి దిగి, హెన్రీని కాస్త జరగమని, రేణుక పేరు ఎదుట తాను వేసిన గుర్తును తన చేత్తోనే మార్చాడు.